దాపల అంటే దగ్గరా, ఎడమా?

సందేహం: పోతన గజేంద్రమోక్షంలో ‘అల వైకుంఠపురంబులో నగరిలో ఆ మూల సౌధంబు దాపల’ అనే చోట ‘దాపల’ అంటే దగ్గర అని బడిలో చెప్పారు. తెనాలి దగ్గర మా తాతగారి ఊళ్లో దాపటి ఎద్దంటే ఎడమపక్క ఎద్దు. ఏది సరి? అదే పద్యంలో ‘గుయ్యాలించి’ అన్నారు కదా, గుయ్యి అంటే ఏమిటి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: మీ తాతగారి మాటే సరి. అచ్చమైన అర్థం ఆయన నోట ఉంది.

కాడికి కుడిపక్క కట్టేది వలపటి ఎద్దు, మన వైపు నోళ్లలో ‘ఎలపటి’. ఎడమపక్కది దాపటి ఎద్దు. ఒక పక్కకు అలవాటు పడ్డ ఎద్దును రెండో పక్క కడితే సరిగా లాగదు. అందుకే రైతుకు ఈ రెండు మాటలూ రోజూ కావలసినవే. వల అంటే కుడి. తమిళంలో వలం, కన్నడంలో బల దాని చుట్టాలే. వలపల, దాపలల చివరనున్న ‘పల’ లోపల, వెలుపలల్లో మనం వాడుతున్నదే. ట్రాక్టర్లొచ్చాక కాడితోపాటు ఈ మాటలూ అటకెక్కాయి. నాకది నిజంగా బాధ.

మరి ‘దగ్గర’ ఎక్కడిది? ‘దరిదాపుల్లో లేడు’ అంటాం చూడండి, ఆ ‘దాపు’ను బట్టి వచ్చింది. అలా చెప్పుకున్నా పద్యం చెడదు గానీ, బొమ్మ మసకబారుతుంది. పోతన ఇక్కడ కొత్తవాడికి ఇంటి ఆనవాలు చెప్పినట్టు చెబుతున్నాడు: వైకుంఠపురం, అందులో నగరి, అందులో ఆ మూల మేడ, దానికి ఎడమపక్కన మందారవనం, ఆ వనం లోపల అమృతసరస్సు, ఆ ఒడ్డున చంద్రకాంత శిలమీద కలువల పాన్పు. ఒక్కో మాటకూ చోటు ఇరుకవుతూ వచ్చి, లక్ష్మితో వినోదిస్తున్న స్వామి దగ్గర ఆగుతుంది. ఇంత వివరంగా దారి చెప్పేవాడు ‘ఎడమపక్క’ అంటాడు గానీ ‘ఎక్కడో దగ్గర్లో’ అనడు. అన్నట్టు, నగరి అంటే ఇక్కడ పట్టణం కాదు, రాజగృహం. పురం ముందే వచ్చేసింది కదా.

ఇక రెండోది. అసలు మాట గుయ్యి కాదు, కుయ్యి. ‘పాహి పాహి యనన్’ అన్న చివర ద్రుతం, అంటే ‘న్’ ఉంది. దాని తర్వాత వచ్చే పరుషం (క, చ, ట, త, ప) సరళం (గ, జ, డ, ద, బ) అవుతుంది కాబట్టి ‘క’ కాస్తా ‘గ’ అయింది. కుయ్యి అంటే మొర. కూయడం, కూత ఈ ఇంటివే. ఏనుగు ‘పాహి పాహి’ అని సంస్కృతంలో పిలిచింది. స్వామి చెవికి మాత్రం అది తెలుగు కుయ్యిగా చేరింది! నాకు ఆ చోటు ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుంది.

ఈ మాట మనకు కొత్తేమీ కాదు. ‘కుయ్యో మొర్రో అంటున్నాడు’ అనే మాట విజయవాడ బస్సుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. నిఘంటువులో చూడాలంటే మాత్రం ‘గ’లో కాదు, ‘క’లో వెతకండి.