ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, కానీ స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడిపోయింది. షాపుకు తీసుకెళ్లాలా?

వద్దు. ఇప్పుడే వద్దు. ముందు గదిలో లైటు ఆపేసి, మీ ఫోన్‌లో టార్చ్ వేయండి.

నేను కంప్యూటర్ ఇంజినీర్‌ని కాను. రామంతాపూర్‌లో చిన్న వ్యాపారాలవాళ్లకు జీఎస్టీ లెక్కలు చూసిపెట్టే మనిషిని. ఒక శానిటరీ షాపు, రెండు టిఫిన్ సెంటర్లు, ఒక టైల్స్ గోడౌన్, ఇలా ఓ ముప్పై మంది ఉంటారు. నా దుకాణమంతా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంది. దాని స్క్రీన్ పోతే నా షట్టర్ దించేసినట్టే. అందుకే మీ ప్రశ్న చూడగానే నా గోడు కూడా చెప్పుకోవాలనిపించింది.

నాకు ఇది జరిగింది సరిగ్గా 20వ తారీకున. ఈ లైన్‌లో ఉన్నవాళ్లకు ఆ తారీకు అంటే ఏంటో తెలుసు. నెలనెలా వేసే జీఎస్టీఆర్-3బీ అనే రిటర్న్‌కి అదే ఆఖరు రోజు. దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, అమ్మకాలేమీ లేని నిల్ రిటర్న్ అయితే 20. కట్టాల్సిన పన్ను ఉంటే దాని మీద వడ్డీ వేరే. మా క్లయింట్ల సంగతి చెప్పాలంటే, నెలంతా నిద్రపోయి 19 రాత్రి లేస్తారు. బిల్లులు వాట్సాప్‌లో ఫోటోలు తీసి పంపుతారు, అందులో సగం వాళ్ల వేలు పడి ఉంటుంది. సరే, ఆ బాధ ఇంకోసారి.

సాయంత్రం ఏడున్నర దాటింది. ఇంకా ఆరు రిటర్న్‌లు మిగిలి ఉన్నాయి. ట్యూబ్‌లైట్ వెలుగు స్క్రీన్ మీద పడి అంకెలు కనపడటం లేదని, మూత కాస్త వెనక్కి వంచాను. అంతే. చప్పుడు లేదు, మెరుపు లేదు, చీకటి. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది. నేను బిత్తరపోయి చూస్తుండగానే ఆ చీకట్లోంచి "టింగ్" అని వాట్సాప్ మోగింది. టైల్స్ గోడౌన్ ఆయన. "సార్, మనది అయిపోయిందా?" అని పెట్టాడని తర్వాత ఫోన్‌లో చూసుకున్నాను.

నిజానికి ఆ "టింగ్" దగ్గరే నాకు అర్థం కావాలి. మెసేజ్ వచ్చిందంటే లోపల మిషన్ బతికే ఉంది, నెట్ ఉంది, అన్నీ ఉన్నాయి. కానీ టెన్షన్‌లో ఎవరికి తడుతుంది? మా ఆవిడ వచ్చి "ఛార్జింగ్ అయిపోయిందేమో చూడండి" అంది. ఇంట్లో ఏది ఆగినా మొదట వచ్చే మాట అదే, ఫ్రిజ్ ఆగినా అదే అంటుంది. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాను, మళ్లీ వేశాను. ఫ్యాన్ తిరిగింది, కీబోర్డ్ వెలిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే.

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ చేసే మా బామ్మర్దికి ఫోన్ కొట్టాను. వాడు మొత్తం విని, "మదర్‌బోర్డ్ పోయినట్టుంది బావా, లేకపోతే ఫార్మాట్ చేయాలె" అన్నాడు. మదర్‌బోర్డ్ అంటే లోపల అన్నీ బిగించి ఉండే పెద్ద బోర్డు. స్క్రీన్ కనపడకపోతే ఫార్మాట్ ఎలా చేస్తార్రా అని అడిగితే, మీటింగ్ ఉందని పెట్టేశాడు. ఒక మాట చెప్తాను, ఎవరూ ఏమనుకోవద్దు. హైదరాబాద్‌లో ప్రతి ఇంట్లో ఒక సాఫ్ట్‌వేర్ మనిషి ఉంటాడు, ల్యాప్‌టాప్ పాడైతే అందరం వాడికే చేస్తాం. బస్సు చెడిపోతే కండక్టర్‌ని రిపేర్ చేయమన్నట్టే ఇది కూడా.

అసలు సంగతి పట్టుకున్నది మా అమ్మాయి. తొమ్మిదో తరగతి. టేబుల్ కింద పడ్డ ఇయర్‌ఫోన్ కోసం టార్చ్ వేసి వెతుకుతూ, లేచేటప్పుడు ఆ వెలుగు స్క్రీన్ మీద పక్కగా పడింది. "నాన్నా, లోపల టైమ్ కనపడుతుంది" అంది. నేను నమ్మలేదు. గదిలో లైటు ఆపేసి, ఫోన్‌ని స్క్రీన్ మూలకు ఆనించినట్టు పెట్టి ఏటవాలుగా చూశాను. ఉంది! వాన నీళ్లకు తడిసిన గోడ మీద పాత వాల్‌పోస్టర్ అక్షరాలు ఎలా కనపడతాయో, అలా బూడిదరంగులో 7:58 అని గడియారం, దాని కింద తారీకు. టార్చ్ జరిపితే మాయం, మళ్లీ పెడితే ప్రత్యక్షం.

సంగతేంటంటే, ఎల్‌సీడీ స్క్రీన్ తనంతట తాను వెలగదు. బొమ్మ వేసేది ఒకటి, వెనకనుంచి వెలుగిచ్చే ఎల్‌ఈడీ పట్టీ ఇంకొకటి. దాన్ని బ్యాక్‌లైట్ అంటారు. పట్టీకి కరెంటు అందకపోతే బొమ్మ అలాగే ఉంటుంది, మన కంటికి కనపడదు. దేవుడు గర్భగుడిలోనే ఉన్నాడు, దీపం కొండెక్కింది. టార్చ్‌లో బొమ్మ కనపడిందంటే మీరు గట్టెక్కినట్టే. పోయింది బ్యాక్‌లైట్, లేదా దానికి కరెంటు తెచ్చే కేబుల్, లేదా బోర్డు మీద ఉండే ఆవగింజంత ఫ్యూజు. డేటాకు ఏమీ కాలేదు.

అది తెలిసింది సరే, రిటర్న్‌ల మాటేంటి? హాల్లో 43 అంగుళాల టీవీ ఉంది. టీవీకి, సెట్‌టాప్ బాక్సుకు మధ్య హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ ఉంది. ఆ టీవీ ముందు జనగామనుంచి కంటి చెకప్ కోసం వచ్చిన మా అత్తమ్మ ఉంది. ఎనిమిది గంటల సీరియల్ అప్పుడే మొదలైంది.

కేబుల్ పీకేశాను. అత్తమ్మ ఏమీ అనలేదు, అదే ఇంకా భయం. కేబుల్ పొట్టిది కాబట్టి టీవీ కింద స్టూల్ వేసి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి, నేను నేలమీద కూర్చున్నాను. టీవీలో బొమ్మ వచ్చింది, కానీ ఖాళీ వాల్‌పేపర్ మాత్రమే. ఇక్కడ చాలామంది వెనక్కి తగ్గుతారు. విండోస్ టీవీని రెండో స్క్రీన్ అనుకుని, కావాల్సినవన్నీ పాత స్క్రీన్ మీదే పెట్టుకుని కూర్చుంటుంది. విండోస్ కీ, పి కలిపి నొక్కితే ఏ స్క్రీన్ మీద చూపించాలో అడిగే మెనూ వస్తుంది. ఆ మెనూ కూడా వచ్చేది పోయిన స్క్రీన్ మీదే! మా అమ్మాయి టార్చ్ పట్టి చదివింది, నేను కింది బాణం నొక్కి ఎంటర్ కొట్టాను. జీఎస్టీ పోర్టల్ హాలంతా పరుచుకుంది.

"గిదేంది అల్లుడూ, టీవీల లెక్కలొస్తున్నయి?" అంది అత్తమ్మ. పదినిమిషాలకు ఆవిడకు అందులోనే రుచి తగిలింది. ఒక టిఫిన్ సెంటర్ అమ్మకాల అంకె చూసి, "ఇడ్లీలమ్మి గింత సంపాయిస్తున్నడా!" అని మా ఆవిడను పిలిచి మరీ చూపించింది. క్లయింట్ల వివరాలు గుట్టుగా ఉంచాలని నేను పెద్ద పెద్ద మాటలు చెప్తుంటాను. ఆ రోజు వంటింట్లోంచి కూడా కనపడ్డాయి. ఇక ఓటీపీలు, రిటర్న్ వేసేటప్పుడు అవి క్లయింట్ ఫోన్‌కే వస్తాయి. ఒకాయన పెళ్లి బరాత్‌లో ఉన్నాడు, బ్యాండ్ మోతలో నేను చెప్పేది ఆయనకు, ఆయన చెప్పేది నాకు వినపడక, మూడోసారికి అంకెలు కుదిరాయి. పదకొండు దాటాక ఆరోది కూడా అయిపోయింది.

మర్నాడు హబ్సిగూడలో మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగి, సీటీసీకి నడిచాను. తెలియనివాళ్లకు చెప్తున్నాను, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఉన్న చెనాయ్ ట్రేడ్ సెంటర్. బండి మీద వెళ్లకండి, పార్కింగ్ వెతకడానికే అరగంట పోతుంది. లోపలికి అడుగుపెట్టగానే "ల్యాప్‌టాపా సార్, రిపేరా సార్" అని చుట్టుకుంటారు. మొదట ఆపినతను మూత తెరిచి, నల్లగా ఉండటం చూసి, "మదర్‌బోర్డ్ సార్, తొమ్మిదివేలైతది" అన్నాడు. స్క్రూడ్రైవర్ కూడా చేతిలోకి తీసుకోలేదు. "టీవీకి పెడితే బొమ్మ వస్తోంది కదా, మరి మదర్‌బోర్డ్ ఎలా పోతుంది?" అన్నాను. ఒక్క క్షణం నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే ప్యానెల్ సార్, ఆరున్నర" అన్నాడు. ప్యానెల్ అంటే బొమ్మ వచ్చే స్క్రీనే. ఒక్క ప్రశ్నకు రెండున్నర వేలు తగ్గింది! రాత్రి నేలమీద కూర్చున్న నొప్పులన్నీ ఆ మాటతో పోయాయి.

పై అంతస్తులో ఒక మూలకు, ముగ్గురు నిలబడితే నిండిపోయేంత కౌంటర్‌లో ఒక కుర్రాడు సోల్డరింగ్ చేసుకుంటున్నాడు. చెప్పింది విని, ల్యాప్‌టాప్ ఆన్ చేసి, మూతను రెండు చేతులతో నెమ్మదిగా ముందుకు, వెనక్కి వంచాడు. ఒకచోట తళుక్కున వెలిగి ఆరిపోయింది. "ప్యానెల్ మంచిగుంది సార్, కేబుల్" అన్నాడు. నా కళ్లముందే స్క్రీన్ చుట్టూ ఉన్న ఫ్రేము ఊడదీసి, కుడివైపు హింజ్ దగ్గర, అంటే మూత తిరిగే కీలు దగ్గర చూపించాడు. అగ్గిపుల్ల కంటే కాస్త లావుగా, వెంట్రుకల్లాంటి తీగలన్నీ కట్టగట్టి నల్ల టేపు చుట్టిన కేబుల్. సరిగ్గా వంపు తిరిగేచోట టేపు ఒరుసుకుపోయి, రెండు తీగలు తెగి, రాగి మెరుస్తోంది. బొమ్మకూ బ్యాక్‌లైటుకూ ఆ కేబులే దారి. కేబుల్, కూలీ కలిపి 1400 తీసుకున్నాడు, ముప్పావుగంట పట్టింది. పాతది అడిగి తెచ్చుకున్నాను, నా పెన్ స్టాండ్‌లోనే ఉంది.

"సార్, మీరు మూతను కుడి మూల పట్టుకుని లేపుతరు కదా?" అని అడిగాడు. ఎలా తెలుసన్నాను. అరుగుదలంతా ఆ వైపే ఉందట. నాలుగేళ్లుగా ఎడమచేత్తో టీ గ్లాసు, కుడిచేత్తో మూత. తప్పు నాదే, కానీ పూర్తిగా నాదే అని ఒప్పుకోను. పల్చగా ఉండాలి, ఇంకా పల్చగా ఉండాలని సందులో దారం పట్టనంత ఇరుకు చేసి, రోజుకు పదిసార్లు తిరిగే హింజ్ లోంచి కేబుల్ లాగుతారు. బ్యాటరీ లోపలే బిగిస్తారు, కొన్నింట్లో ర్యామ్, అంటే పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ కూడా బోర్డుకే అతికించేస్తారు. వెనకటికి బ్యాటరీ చేత్తో తీసి, తుడిచి పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు కళ్లద్దాల షాపుల్లో వాడేంత చిన్న స్క్రూడ్రైవర్ కావాలి.

మీ విషయానికొస్తాను. ల్యాప్‌టాప్ మీద టీ, నీళ్లు ఏమైనా పడి ఉంటే, లేదా టచ్‌ప్యాడ్ దగ్గర ఉబ్బినట్టుంటే (లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు), ఇవేవీ చేయకుండా ఆపేసి రిపేర్‌కే ఇవ్వండి. అలాంటిదేమీ లేకపోతే క్యాప్స్‌లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల ప్రాణం ఉంది. వెలుతురు పెంచే కీ నొక్కి చూడండి, పొరపాటున సున్నాకు దించేసి ఏడ్చినవాళ్లూ ఉన్నారు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ ఒకేసారి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే స్క్రీన్ మీద బొమ్మ నడిపించే ప్రోగ్రామ్ మళ్లీ మొదలవుతుంది, చిన్న బీప్ వస్తుంది. దానికీ లొంగకపోతే ఛార్జర్, పెన్‌డ్రైవ్, మౌస్ అన్నీ పీకేసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుని, వదిలి, ఛార్జర్ పెట్టి మళ్లీ వేయండి. తర్వాత టార్చ్, ఆ తర్వాత టీవీ. డెల్ అయితే ఆపేసి ఉన్నప్పుడు డి కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కండి. చాలా మోడళ్లలో స్క్రీన్ మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అవి శుభ్రంగా వస్తే ప్యానెల్ మార్చమన్నవాణ్ని నమ్మకండి.

టీవీలోనూ రాలేదు, క్యాప్స్‌లాకూ పలకడం లేదు అంటే అప్పుడు ర్యామ్ సంగతి చూడాలి. ఊడదీయగలిగే మోడల్ అయితే తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, టక్కుమని కూర్చునేలా పెట్టాలి. బీప్‌లు వస్తున్నా, లైటు మినుకుమంటున్నా ఎన్నిసార్లో లెక్కపెట్టి రాసుకోండి, రిపేర్ అతనికి అదే జాతకం.

ఇంకో వింత. కూకట్‌పల్లి హాస్టల్లో ఉండే మా అన్న కొడుక్కి ల్యాప్‌టాప్ రోజూ సాయంత్రమే నల్లబడేది. చివరికి తేలిందేంటంటే, అయస్కాంతం ఉన్న పర్సులాంటి ఫోన్ కవర్‌ని కీబోర్డ్ పక్కన పెట్టేవాడు. మూత మూశారా లేదా అని కనిపెట్టే సెన్సార్ అయస్కాంతంతోనే పనిచేస్తుంది, అది కవర్‌ని చూసి మూత మూశారనుకుని స్క్రీన్ ఆపేసేది. ఫోన్ జేబులో పెట్టుకుంటే రోగం కుదిరింది.

స్క్రీన్ పోయిందని వచ్చేవాటిలో సగానికి సగం కేబులే అని నా గట్టి నమ్మకం. ఎన్ని చూశావని అడక్కండి, మూడు చూశాను, రెండు కేబులే.

షాపుకు వెళ్లక తప్పదంటే, ముందురోజు రాత్రే టీవీకి పెట్టి ముఖ్యమైనవన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. స్క్రీన్ మార్చడానికి పాస్‌వర్డ్ ఎందుకని అడగండి, రాసివ్వకండి. మీరే కొట్టి చూపించండి. టార్చ్ వేస్తే ఏం కనపడిందో ఇక్కడ రాస్తే నాకు తోచింది చెప్తాను, 20వ తారీకు తప్ప.