ఇసుక గురించి చదివితే ఉద్యోగం ఎవరిస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జియాలజీ ఫైనలియర్. కోతకు గురవుతున్న బీచ్‌లను, ఇసుక దిబ్బలను మళ్లీ నిలబెట్టే ప్రభుత్వ విధానాల మీద పనిచేస్తానంటోంది. పబ్లిక్ పాలసీలో పీజీ చేయించాలా, కోస్టల్ సైన్స్‌లోనా, లేక డేటా సైన్స్‌కి మళ్లించాలా? నలుగురూ అడిగితే ఏం చదువుతోందని చెప్పాలో కూడా తెలియడం లేదు. (ఒక తండ్రి)

జవాబు: ఆ చివరి వాక్యం ఒక్కటే రాసినా సరిపోయేదండీ. ఈ ఉత్తరం నాకు ఏటా వస్తుంది. ఒకసారి అడవులు, ఒకసారి చెరువులు, ఈసారి ఇసుక, అంతే తేడా. నలుగురికీ ఒక్క మాటలో చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందని డేటా సైన్స్‌లో చేర్పిస్తే మీ టెన్షన్ తగ్గుతుందేమో గానీ, కూర్చుని చదవాల్సింది తనే కదా.

అసలు ఇందులో పని ఉందా అనేదే మీ భయమైతే, ఉంది. ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది ముఖద్వారం దగ్గర పడవల కోసం 1960లలో రాతి గోడలను సముద్రంలోకి పొడిగించారు. తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి నడిచే ఇసుక ఆ గోడ దగ్గర ఆగి మేట వేసింది, ఉత్తరాన గోల్డ్ కోస్ట్ బీచ్‌లు కోసుకుపోయాయి. గోడ ఒక రాష్ట్రంలో, నష్టం ఇంకో రాష్ట్రంలో. చివరికి రెండు ప్రభుత్వాలూ 1995లో ఒప్పందానికొచ్చి, చట్టాలు చేసుకుని, 2001 నుంచి ఆ ఇసుకను పంపులతో తోడి నది కింద వేసిన పైపుల్లోంచి అవతలి ఒడ్డుకు పంపిస్తున్నాయి. పంపు బిగించడం ఇంజనీరు పని. ఎంత ఇసుక పంపాలి, ఖర్చులో ఎవరి వాటా ఎంత, బీచ్ మరీ వెడల్పైపోయి అలలు పాడయ్యాయని సర్ఫింగ్ వాళ్లు గొడవకొస్తే (వచ్చారు కూడా) ఎవరు జవాబు చెప్పాలి, ఇదంతా మీ అమ్మాయి చేస్తానంటున్న పని. నెదర్లాండ్స్ 1990లో తీరరేఖ వెనక్కి జరగకూడదని నిర్ణయించుకుంది, అప్పట్నుంచీ ఇసుక పోస్తూనే ఉంది. 2011లో ఒకేచోట 2 కోట్ల ఘనపు మీటర్లకు పైగా పోసి, మిగతా తీరానికి పంచే పని అలలకూ గాలికీ వదిలేసింది. ఇది రిబ్బన్ కత్తిరించి ఇంటికెళ్లిపోయే పని కాదు.

నా అనుమానమల్లా పబ్లిక్ పాలసీ పీజీ మీద. ఈమధ్య అది మరీ ఫ్యాషనైంది. ఆ డిగ్రీ పూర్తిచేసి వచ్చిన ఒక కుర్రాణ్ని, సముద్రానికి అడ్డంగా గోడ కడితే దాని ముందున్న బీచ్ ఏమవుతుందని అడిగాను. "సేఫ్‌గా ఉంటుంది సార్" అన్నాడు. గోడ కాపాడేది తన వెనకున్న రోడ్డునీ ఇళ్లనీ. కోత ఆగని చోట ముందున్న బీచ్ సన్నబడి సన్నబడి చివరికి మాయమవుతుంది. తప్పు అతనిది కాదు, ఆ రెండేళ్లలో అతన్ని ఒడ్డుకు తీసుకెళ్లినవాళ్లే లేరు. దిబ్బల సంగతీ అంతే. పిచ్చిగడ్డిలా కనిపించేదే ఆ ఇసుకను పట్టి ఉంచుతుంది, గాలి తెచ్చిన ఇసుక మీద పడేకొద్దీ ఇంకా పైకి లేస్తుంది. జనం రోజూ ఒకే దారిన తొక్కుకుంటూ పోతే గడ్డి చచ్చి, ఆ సందులోంచి గాలి దిబ్బను తవ్వేస్తుంది. అది కళ్లతో చూసినవాళ్లు "ముందు చెక్క నడకదారి వేయండి" అని రాస్తారు. చూడనివాళ్లు "సమగ్ర సుస్థిర కార్యాచరణ" అని రాస్తారు.

అందుకే ముందు కోస్టల్ సైన్స్. జీఐఎస్ (అంటే మ్యాపులనూ వాటి మీది సమాచారాన్నీ కంప్యూటర్‌లో కలిపి చూడటం), శాటిలైట్ చిత్రాలు చదవడం చేతికి రావాలి (మీ డేటా సైన్స్ కొంత అందులోనే వచ్చేస్తుంది). ఒకట్రెండేళ్లు పనిచేశాక కావాలంటే పాలసీ చదవచ్చు. తీర నిర్వహణ, విపత్తు నిర్వహణ శాఖలు, రేవులు, కన్సల్టెన్సీలు, పరిశోధన సంస్థలు, వీటన్నిటికీ ఇలాంటి మనుషులు కావాలి. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండకపోవచ్చు, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉండే కాంట్రాక్టులూ తగులుతాయి, దాచను. కానీ జియాలజీ చదివిన పిల్ల ఇసుక వైపు వెళ్తానంటే దారి తప్పినట్టు ఎందుకు బెంగ పెట్టుకుంటున్నారు? తను చదివినదాని పక్క గదిలోకే కదా వెళ్తోంది!

ఒక పని చెప్పండి తనకి. ఏదో ఒక తీరం ముక్క తీసుకుని, ఇరవయ్యేళ్ల శాటిలైట్ చిత్రాలు పక్కపక్కన పెట్టి, ఎక్కడ మేట వేసింది, ఎక్కడ కోసింది, బాగుచేయాలంటే డబ్బు ఎవరు పెట్టాలి అని నాలుగు పేజీలు రాయమనండి. రాశాక ముందు మీరు చదవండి, తర్వాత నాకు పంపండి.