డాలస్ నల్లమట్టిలో మన కూరగాయలు: కొత్తగా ఇల్లు కొన్నవారికి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చి డాలస్ పరిసరాల్లో ఇల్లు కొనుక్కున్నవారు గృహప్రవేశం కాగానే గోంగూర ఎప్పుడు వేయాలి, కరివేపాకు మొక్క ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతుంటారు. మొక్కల సంగతి తరువాత చూద్దాం, ముందు మీ పెరటి మట్టి ఎలాంటిదో తెలుసుకోండి. మన చెనక్కాయ చేల ఎర్రనేలలో నీరు ఇట్టే ఇంకిపోతుంది గనుక పొద్దున్నే పాదుకు చెంబెడు నీళ్లు పోయడం మనకు చిన్ననాటి అలవాటు. ఇక్కడ ఎక్కువచోట్ల ఉన్నది సున్నం పాలు హెచ్చుగా ఉండే నల్లరేగడి. తడి మట్టిని పిసికి బొటనవేలితో ముందుకు నెట్టి చూడండి, తెగకుండా పట్టీలా సాగుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చే ఈ నేలలో రోజూ నీళ్లు పోస్తే వేళ్లకు గాలాడక మొక్క కుళ్లిపోతుంది. పైగా కొత్త ఇళ్ల దగ్గర తరచుగా పైమట్టిని గీకేసి, యంత్రాలు తిరిగి గట్టిపడిన అడుగుమట్టి మీదే పచ్చిక పరుస్తారు.

అందుకే అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, గంటకు అంగుళమైనా దిగకపోతే నేలలో నాటే ఆలోచన మానుకుని చెక్కలతో ఎత్తు మడి కట్టుకోండి. తవ్వడానికి కనీసం రెండు పనిదినాల ముందు 811కు ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. దీన్ని దయచేసి దాటవేయకండి. మట్టి నమూనాను టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు పంపితే కొద్దిపాటి రుసుముతో పరీక్షిస్తారు. బంకమట్టి వదులవుతుందని ఇసుక కలపకండి, అది మరింత బిగుసుకుంటుంది. ఊళ్లో చల్లినట్టు పొయ్యి బూడిద చల్లడం కూడా ఈ సున్నపు నేలకు చేటే. బాగా మాగిన కంపోస్టు ఒక్కటే దీనికి మందు, అదీ ఏటేటా వేయాలి.

మొదటి ఏడాది నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న మడి ఒక్కటి చాలునని నా అభిప్రాయం. రోజుకు ఆరేడు గంటల ఎండ తగిలే చోటు చూసుకోండి. మంచు భయం సాధారణంగా మార్చి మధ్యకు తీరుతుంది కాబట్టి టమాటా నారు అప్పుడే నాటాలి, ఎందుకంటే నడివేసవి వేడికి పూత రాలి కాయ నిలవదు. బెండ, గోంగూర, బీర మాత్రం నేల వెచ్చబడ్డాక, ఏప్రిల్‌లో వేస్తే జూలై ఎండల్లోనూ ఏపుగా కాస్తాయి.

అమ్మానాన్నలు వచ్చేటప్పుడు విత్తనాలు తెస్తామంటే, అనుమతిపత్రాలు లేకుండా తేవద్దని ముందే చెప్పండి. మట్టితో ఉన్న మొక్కలనైతే అసలు రానివ్వరు. కరివేపాకు మీద నిమ్మజాతి చెట్లకు తెగులు మోసే పురుగు బతుకుతుంది గనుక ఆ మొక్కను రాష్ట్రం దాటించడంపై ఆంక్షలున్నాయి. వేరే రాష్ట్రంలోని బంధువులను అడగక ఇక్కడి నర్సరీలోనే కొనండి. దాన్ని కుండీలోనే పెంచి, నవంబరులో చలి ముదరకముందే లోపలికి తెచ్చి, దక్షిణపు కిటికీ దగ్గర పెట్టి, వసంతం దాకా నీళ్లు బాగా తగ్గించండి.