న్యాయ సలహా: గడువు ఏ రోజు నుంచి లెక్క?

ప్రశ్న: మాది కోనసీమలో పనిచేసే స్వచ్ఛంద సంస్థ. మొత్తం 34 మంది స్టాఫ్. నేను పద్నాలుగేళ్లుగా ఇక్కడే ఉన్నాను. మొన్నటి గోదావరి వరదలకు లంక గ్రామాల వాళ్లు ఏటిగట్టు మీద టార్పాలిన్లు కట్టుకుని ఉంటే బియ్యం కిట్లు, దుప్పట్లు మేమే పంచాం. ఆ పంపిణీ చూసిన మా ఫీల్డ్ ఆఫీసరు, కిట్టు కోసం వచ్చిన ఒకామెను ఆగస్టు 18 రాత్రి తన గదికి రమ్మన్నాడట. లిస్టులోంచి పేరు తీసేస్తాడని భయపడి వెళ్లింది. డిసెంబరులో నా దగ్గర చెప్పుకుని ఏడ్చింది. నేను అయిదుగురు స్టాఫ్ ముందు ఆమెతో మాట్లాడించి, వీడియో తీసి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా డైరెక్టరు 'ఫిర్యాదుకున్న మూడు నెలల గడువు నవంబరు 18తోనే అయిపోయింది, పైగా ఆమె ఇష్టపడే వెళ్లింది, అతనితో రాజీనామా చేయించి, ఆమెకు నలభై వేలు ఇచ్చి ముగిద్దాం' అంటున్నారు. అతను డైరెక్టరుగారి బావమరిది. నాకు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. నవంబరు 27న కూడా 'ఇంటి రిపేరు డబ్బు లిస్టులో నీ పేరుండాలంటే ఓసారి రాజమండ్రి రా' అని ఆమెకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. భర్త వింటాడేమోనని నేనే తీసేయమన్నాను. సంస్థ పరువు పోకుండా ఆమెకు న్యాయం జరిగే దారి చెప్పండి.
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు, పైన వేసింది దాని సారాంశమే. మూడున్నర పేజీలు సంస్థకు మీరు చేసిన సేవ, డైరెక్టరు మీద మీకున్న గౌరవం, మీకు పట్టని నిద్ర. కేసును నిలబెట్టే వాక్యం చివర్లో, 'ఇంకో సంగతి మర్చిపోయాను' అంటూ రాశారు. నవంబరు 27 నాటి వాయిస్ మెసేజ్. దాన్నే మీరు తీసేయమన్నారు!

పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం, అందరూ పోష్ చట్టం అంటారు, ఫిర్యాదుకు మూడు నెలల గడువు పెట్టిన మాట నిజం. మీ డైరెక్టరు 9వ సెక్షన్‌లో అక్కడిదాకా చదివి ఆగిపోయారు. వేధింపు ఒకసారితో ఆగకుండా వరసగా జరిగితే చివరి ఘటన జరిగిన రోజు నుంచి లెక్కపెట్టాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. చివరి ఘటన నవంబరు 27. అంటే ఫిబ్రవరి 27 దాకా గడువుంది. అది దాటినా, ఆమె ముందుగా రాలేకపోయిన కారణాలను, ఇలాంటి ఫిర్యాదులు విచారించే సంస్థ అంతర్గత కమిటీ రాతపూర్వకంగా నమోదు చేసి మరో మూడు నెలల దాకా పొడిగించవచ్చు. ఆ పొడిగింపు కమిటీ చేతిలో ఉంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

ఇక్కడొక మెలిక ఉంది. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒక విశ్వవిద్యాలయం కేసులో, చివరి వేధింపు తర్వాత వచ్చిన పాలనాపరమైన ఉత్తర్వులను ఆ వేధింపుకు కొనసాగింపుగా ఒప్పుకోలేదు. ఫిర్యాదు గడువు దాటిందనే తేల్చింది. కాబట్టి తర్వాత జరిగినది కూడా దానంతట అది లైంగిక వేధింపై ఉండాలి. లిస్టులో పేరు కొట్టేశాడని మాత్రమే చెబితే అతని తరఫువాళ్లు ఈ తీర్పు తెచ్చి మీ ముందు పెడతారు. 'పేరుండాలంటే రాజమండ్రి రా' అన్న మాట అలాంటిది కాదు. సాయాన్ని ఎరగా చూపి రమ్మనడం అదే వేధింపు. అందుకే ఆ మెసేజ్ దొరుకుతుందా లేదా అన్నదాని మీద మీ కేసు ఆధారపడి ఉంది.

తీసేసినంత మాత్రాన పోయిందనుకోకండి. చాట్‌లోంచి తొలగించినా ఆడియో ఫైలు ఫోన్ మెమరీలో ఉండిపోయే అవకాశం ఉంది. ఆ ఫోన్‌ను రీసెట్ చేయనివ్వకండి, కొత్త ఫోన్ కొనిచ్చి పాతది మార్పిడికి ఇవ్వనివ్వకండి, బజార్లో రిపేరు షాపుకు అసలే పంపకండి. పంపిన వాడి ఫోన్‌లోనూ అది ఉండాలి, పోలీసు కేసైతే దాన్ని స్వాధీనం చేసుకుంటారు. అది మీకు ఫార్వర్డ్ చేసిందని కూడా రాశారు, మీ కాపీని కదపకండి. కోర్టులో ఇలాంటి కాపీ చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఫోన్ ఎవరి దగ్గరుందో వాళ్లు ఒక భాగం, నిపుణుడు ఒక భాగం నింపి సంతకం పెట్టాలి. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఫైల్లో పెడితే చాలనుకునే వాళ్లను రోజూ చూస్తున్నాను.

ఇక వీడియో సంగతి. అయిదుగురిని చుట్టూ కూర్చోబెట్టి, ఆ మనిషిని మధ్యలో పెట్టి, 'చెప్పమ్మా, ఏం జరిగింది' అని ఫోన్ ఎదురుగా పట్టుకోవడం విచారణ కాదు. రేపు కమిటీ ముందు ఆమె ఇచ్చే వాంగ్మూలాన్ని ఆ వీడియోతో పక్కపక్కన పెట్టి, ఒక మాట తేడా వచ్చినా అబద్ధం అంటారు. ఆ అయిదుగురూ అయిదు రకాలుగా చెబుతారు. పోష్ చట్టం 16వ సెక్షన్ ఆమె పేరు, చిరునామా, విచారణ వివరాలు బయట పెట్టవద్దంటుంది. విషయం అత్యాచారం సెక్షన్ల దాకా వెళ్తే, బాధితురాలిని గుర్తుపట్టేలా బయటపెట్టినందుకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 72వ సెక్షన్ కింద మీ మీదే కేసు వస్తుంది, రెండేళ్ల దాకా జైలు. ఆ వీడియోను గ్రూపులో అందరికీ కనపడకుండా ఈరోజే తీసేయించండి. ఎవరు చూశారో రాసుకోండి. ఇంకెవరికీ పంపలేదని ఒక్కొక్కరి దగ్గర సంతకం తీసుకోండి. మీ ఫోన్లో ఉన్న అసలును మాత్రం చెరపకండి, అది కమిటీ చేతికే ఇవ్వాలి.

'ఆమె మా ఉద్యోగి కాదుగా' అని మీ డైరెక్టరు రేపు అంటారు. ఈ చట్టంలో బాధితురాలు ఉద్యోగే కానక్కరలేదు. ఉద్యోగం పనిమీద వెళ్లిన ప్రతి చోటూ పని ప్రదేశమే. ఏటిగట్టూ అంతే, అతను దిగిన గదీ అంతే. స్వచ్ఛంద సంస్థ కూడా చట్టం పరిధిలోనే ఉంది.

'ఇష్టపడే వెళ్లింది' అన్న మాటకు రెండు జవాబులు. సహాయ సంస్థల నియమావళిలో ఈ వాదనకు చోటే లేదు. 2002లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ, లైబీరియా, సియెర్రా లియోన్ శరణార్థుల శిబిరాల్లో తిండి గింజలు చూపి ఆడపిల్లలను వాడుకున్నారన్న నివేదిక వచ్చింది. ఆ తర్వాత 2003 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి డబ్బు, ఉద్యోగం, సరుకు, సాయం ఇచ్చి లైంగిక సంబంధం పెట్టుకోవడాన్ని, ఒప్పుకున్నా సరే, తీవ్రమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. మీకు నిధులిచ్చే వాళ్ల ఒప్పందంలోనూ ఈ షరతు ఉంటుంది, తీసి చదవండి. మన చట్టంలో సంగతి వేరు. ఇక్కడ ఒప్పుదల అన్న ప్రశ్న వస్తుంది. అయితే లైంగిక కోరిక తీర్చమని అడగడమే న్యాయ సంహిత 75 కింద మూడేళ్ల దాకా శిక్షపడే నేరం. అధికారాన్నో, తన మీద పెట్టుకున్న నమ్మకాన్నో వాడుకుని లోబరుచుకుంటే 68వ సెక్షన్ ఉంది. భయపెట్టి రప్పించుకున్నాడని తేలితే ఇంకా పెద్ద సెక్షన్లు వస్తాయి. ఏది వర్తిస్తుందో ఆమె వాంగ్మూలం చూసి పోలీసులు తేలుస్తారు. 75 కింద కోర్టు కేసు స్వీకరించడానికి మూడేళ్ల గడువుంది. పెద్ద సెక్షన్లకు గడువే లేదు. అందుకని కమిటీ గడువు పోతే అంతా పోయినట్టు కాదు.

ఒక్కటి మాత్రం మీరు రాయలేదు. ఆమె వయసు. 'చిన్నతనంలోనే పెళ్లయిన పిల్ల' అని ఊరుకున్నారు. కిట్టు ఇచ్చేటప్పుడు ఆధార్ చూశారు కదా, పుట్టిన తేదీ చూడండి. 18 నిండకపోతే ఇప్పటిదాకా నేను చెప్పిన గడువులన్నీ పక్కన పెట్టి వెంటనే పోలీసులకు చెప్పాలి. తెలిసీ చెప్పకపోవడం పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పోక్సో కింద నేరం. సంస్థ నడిపేవారికి దానికి ఏడాది దాకా శిక్ష ఉంది. పెళ్లయిందన్న కారణం దీనికి అడ్డురాదు.

ఇప్పుడు నలభై వేల రూపాయల రాజీ. దాని జోలికి పోవద్దు. పోష్ చట్టంలో రాజీ ఉంది, కానీ అది ఆమె అడిగితేనే, అదీ విచారణ మొదలుకాకముందే. డబ్బు ఆధారంగా చేయకూడదని 10వ సెక్షన్ విడమరిచి చెబుతుంది. నేరం కప్పిపుచ్చడానికి డబ్బివ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే. అంటే పేదరాలైన ఆమెను కూడా ముద్దాయిని చేస్తున్నారు.

రాజీనామా ఇంకా ప్రమాదం. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చింది. అక్కడ పనిచేసిన అంతర్జాతీయ సహాయ సంస్థ ఆక్స్‌ఫామ్ సిబ్బందిలో కొందరి మీద ఇలాంటి ఆరోపణలు వచ్చాయి. 2011 లోపలి విచారణలో నలుగురిని తీసేశారు, అక్కడి అధిపతితో సహా కొందరిని రాజీనామా చేసి వెళ్లిపోనిచ్చారు. ఆ అధిపతి తర్వాత బంగ్లాదేశ్‌లో మరో సహాయ సంస్థలో కుదురుకున్నాడు. 2018లో పత్రిక బయటపెట్టేసరికి సంస్థ పరువు కోసం దాచిన విషయమే సంస్థ పరువు తీసింది. బ్రిటన్ శాఖను హైతీ దేశం నుంచి పంపించేసింది. మీ వాడూ సర్వీస్ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చే వరదకు ఇంకో గట్టు మీద కిట్లు పంచుతాడు. పైగా ఫిర్యాదు పడకముందే పంపేస్తే 'అతను మా ఉద్యోగి కాదు' అనే వాదన మీ చేతులతో మీరే ఇచ్చినట్టు. రాజీనామా ఇస్తే ఆమోదించవద్దని బోర్డుకు ఈ వారమే రాసివ్వండి.

అంతర్గత కమిటీ ఉందని ఆఫీసు గోడ మీద రాశామన్నారు, ఒక్కసారి కూడా కూర్చోలేదన్నారు. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థకు అది తప్పనిసరి. అధ్యక్షురాలు పై హోదాలో ఉన్న మహిళ, సగం మందైనా ఆడవాళ్లు, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. సభ్యుల కాలం మూడేళ్లు. ఆ బయటివారి కాలం ముగిసిపోయి ఉంటుందని నా అనుమానం, ముందు అది సరిచేయించండి. బావమరిది కేసులో డైరెక్టరు వేలు పెట్టకూడదు, సభ్యుల ఎంపిక బోర్డు చేయాలి. ఈలోగా ఫిర్యాదు ప్రతి ఒకటి, ఇదే చట్టం కింద జిల్లాలో ఉండే స్థానిక కమిటీకీ పంపండి.

ఫిర్యాదు ఆమెది, ఆమె సంతకంతోనే ఉండాలి. రాయడం రాకపోతే రాసిపెట్టడం కమిటీ బాధ్యత. కాంగోలో ఎబోలా సమయంలో జరిగిన దోపిడీ మీద 2021లో స్వతంత్ర కమిషన్ ఇచ్చిన నివేదికలో 83 మంది నిందితులున్నారు. వాళ్లలో 21 మంది ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేసిన వాళ్లు. రాతపూర్వకంగా లేదని ఫిర్యాదులు పక్కన పెట్టే అలవాటును ఆ కమిషన్ ప్రత్యేకంగా తప్పుపట్టింది. మీరు అదే చేయవద్దు. ఒక ఆడమనిషి, విడి గదిలో, ఆమె భాషలో, ఆమె మాటల్లోనే రాసుకోవాలి. తేదీ, చోటు, అతనన్న మాట. మీ వ్యాఖ్యానం వద్దు.

ఫిర్యాదు అందాక ప్రతిని ఏడు పనిదినాల్లో అతనికి పంపాలి, జవాబుకు పది పనిదినాలు ఇవ్వాలి. విచారణకు 90 రోజులు. ఆవేశంలో ఈ మెట్లు దాటేయకండి. 2023 మేలో సుప్రీంకోర్టు గోవా కేసులో, విచారణ హడావిడిగా ముగించి ఎదుటివాడికి తగిన అవకాశం ఇవ్వలేదని శిక్షనే కొట్టేసి వెనక్కి పంపింది. మీరెంత సరిగ్గా ఉన్నా అతనికి చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందే. ఆ 90 రోజులూ అతన్ని లబ్ధిదారుల దగ్గరికి పంపవద్దు, లిస్టులు ముట్టుకోనివ్వవద్దు.

ఆమెకు విడిగా లాయరు కావాలి. నేను కాదు, మీ సంస్థ లాయరు అసలే కాదు. మహిళకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఫోన్ 15100. పోలీసు కేసు పెట్టాలా వద్దా అన్నది, 18 నిండి ఉంటే, ఆమె నిర్ణయం. దాన్ని మీరు చేయకండి, ఆపకండి. ఇంటి రిపేరు డబ్బుకు ఆమె అర్హురాలైతే పేరు లిస్టులో ఉండాలి. ఫిర్యాదుతో దానికి సంబంధం లేదని రాతపూర్వకంగా ఆమెకు చెప్పండి.

ఇక పంపిణీ రిజిస్టరు గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. ఆగస్టు 17 లిస్టులో ఆమె పేరుందా? కొట్టేశారా? 19న మళ్లీ రాశారా, వేరే సిరాతోనా? టోకెన్ కార్బన్ కాపీ ఎక్కడుంది, వేలిముద్ర ఎవరు తీసుకున్నారు? ఆ రాత్రి జీపు లాగ్‌బుక్కు ఏమంటోంది? ఒక కేసులో మా క్లయింటు సంస్థ, పాత రిజిస్టరు మురికిగా ఉందని నీటుగా తిరగరాయించి అసలును చించేసింది. ఆ రోజు కోర్టు హాల్లో నా మొహం మీరు చూసి ఉండాల్సింది. రేపు పొద్దున ఆఫీసు తెరవగానే ఆ రిజిస్టరు పేజీలు, లాగ్‌బుక్కు ఫొటోలు తీసి, అసళ్లు కవర్లో పెట్టి లక్కతో సీలు వేయించండి. కవరు మీద మీతో పాటు ఒక బోర్డు సభ్యురాలి సంతకం తీసుకోండి. డైరెక్టరు గది బీరువాలో మాత్రం పెట్టకండి.