సీసాలో మట్టినీళ్లు తేరుకోకపోతే

అక్కా, నాలుగో తరగతి బాబు ప్రాజెక్టుకని సీసాలో మట్టి, నీళ్లు కలిపి నిన్న పెడితే ఇంకా బురదగానే ఉందన్నారు కదా. టెన్షన్ వద్దు, ప్రయోగం చెడిపోలేదు. ఇసుక బరువు కాబట్టి నిమిషంలో అడుక్కి చేరుతుంది. దాని మీద ఒండ్రు, కొన్ని గంటల్లో. బంకమట్టి రేణువు మాత్రం 0.002 మిల్లీమీటర్ల కన్నా చిన్నది, రోజుల తరబడి దిగదు. మా పర్లాకిమిడిలో వానాకాలం బిందె నీళ్లకు చేసినట్టే చిటికెడు పటిక వేసి కలపండి. రేణువులు ముద్దకట్టి దిగిపోతాయి. ఆ తర్వాత సీసా కదపొద్దు. మా పాప ఊపి ఊపి చూసి రెండుసార్లు మొదటికి తెచ్చింది! పైన తేలే ఆకుముక్కలు, వేళ్లు పారేయకండి, కుళ్లి నేలకు బలమిచ్చేవి అవే. పక్కన ఇంకో సీసాలో మహేంద్రతనయ నది ఇసుక పెడితే తేడా బాబుకే తెలుస్తుంది.