కాణి వైద్యం మీద రాస్తున్న అమ్మాయికి

తల్లీ,

కేరళ కొండ అడవుల్లో ఉండే కాణి గిరిజనుల వైద్యం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగుందని చెప్పేస్తే నీకూ నాకూ ఈ పూట హాయిగా గడిచిపోతుంది, కానీ నువ్వు అడిగింది అది కాదుగా. మొదటి పేజీన్నర తీసెయ్. పొగమంచు, చినుకులు, అడవితల్లి ఒడిలో అమాయక గిరిజనం... కేరళ సరిహద్దు దాటకుండానే ఎవరైనా రాసేయగలిగిన పేజీన్నర అది. అరకు మీద రాసినా అమెజాన్ మీద రాసినా అదే మంచు, అదే ఒడి. పైగా మొదట్లో అమాయకులు అన్నావు, చివర్లో మందు కంపెనీతో ఒప్పందం గురించి వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు అన్నావు. రెండూ ఎలా కుదురుతాయి?

నీ వ్యాసం అసలు మొదలయ్యేది 1987 డిసెంబర్ దగ్గర. వృక్షశాస్త్రవేత్త పుష్పాంగదన్ గారి బృందం దక్షిణ కేరళలోని అగస్త్యమల అడవుల్లో తిరుగుతోంది, శాస్త్రవేత్తలు ఆయాసపడుతున్నారు, దారి చూపుతున్న కాణి కుర్రాళ్లు మాత్రం ఏవో చిన్న కాయలు నములుతూ అలుపు లేకుండా నడుస్తున్నారు. అవేంటని అడిగితే మొదట చెప్పలేదు, తర్వాత చెప్పారు, మొక్కనీ చూపించారు. అదే ఆరోగ్యపచ్చ. ఈ కథ చాలామంది రాశారు, దాదాపు అందరూ శాస్త్రవేత్తల వైపు నుంచే రాశారు, నువ్వూ అంతే చేశావు. 'మొదట చెప్పలేదు' అన్న ముక్కని దాటేసి పరుగెత్తావు చూడు, ఆగాల్సింది అక్కడే. బయటివాళ్లకి చెప్పకూడదని వాళ్లలో కట్టుబాటు ఉంది. అడుగుతున్నదేమో ప్రభుత్వ ప్రాజెక్టు మీద వచ్చిన పెద్ద చదువుల వాళ్లు. మరి చెప్పే హక్కు ఎవరిది? దారి చూపడానికి వచ్చిన కుర్రాళ్లదా, ఊరి పెద్ద అయిన మూట్టుకాణిదా, వైద్యం చేసే ప్లాత్తిదా, అందరిదీ కలిపా? నీ వ్యాసం మొత్తం ఈ ప్రశ్న మీద నడిపించు. మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఇక వివరాలు. 'ఒక్క ఆకు ఒక జాతి తలరాత మార్చింది' అని రాశావు. మొదటి సంగతి, కాణివాళ్లు తిన్నది కాయ. పాలోడ్‌లోని ఉష్ణమండల వృక్ష పరిశోధన సంస్థ వాళ్లు మందుకి వాడింది ఆకు. రెండోది, జీవని అన్న ఆ మందులో ఆరోగ్యపచ్చ ఒక్కటే లేదు, అశ్వగంధ, పిప్పళ్లు, విష్ణుక్రాంత కూడా ఉన్నాయి, ఈ మూడూ మన ఆయుర్వేద దుకాణాల్లో ఎప్పటి నుంచో దొరికేవే. అంటే అడవిలో నడుస్తూ నమిలిన కాయకీ సీసాలో అమ్మిన మందుకీ మధ్య చాలా దూరం ఉంది, ఆ దూరంలో ఏం జరిగిందో చెప్పడమే నీ పని. ఇంకో చిన్న ముచ్చట, వాడుకుంటావో లేదో నీ ఇష్టం: ఆరోగ్యపచ్చని వృక్షశాస్త్రం ఇప్పుడు పెండలం కుటుంబంలో పెడుతోంది. తీగ కాదు, దుంప తినేదీ కాదు, సెలయేళ్ల పక్కన నీడలో పెరిగే చిన్న మొక్క, కానీ చుట్టరికం పెండలంతో. పేరు వింటే హిమాలయాల సంజీవని ఊహించుకునే మన పాఠకుడికి ఈ సంగతి కొంచెం నేల మీదికి దించుతుంది.

ప్లాత్తి గురించి నువ్వు నాలుగు లైన్లు రాశావు, ఆ నాలుగింట్లోనూ ఆయన మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడ్డ మనిషిలాగే ఉన్నాడు. జ్వరానికి ఈ ఆకు, నొప్పికి ఆ వేరు. కాణి వైద్యం అలా ముక్కలుగా ఉండదు. కొక్కర అని పళ్లు కోసిన ఇనుప గొట్టం ఉంటుంది, దాన్ని గీస్తూ ప్లాత్తి రాత్రంతా పాడతాడు, చాట్టుపాట్టు అంటారు. రోగి, ఇంటివాళ్లు, ఊరివాళ్లు అందరూ ఆ రాత్రి అక్కడే ఉంటారు. ఆకు అందులో ఒక భాగం మాత్రమే. పాటని మూఢనమ్మకం కింద పక్కన పెట్టేసి ఆకుని మాత్రం సైన్సు కింద తీసుకోవడం ల్యాబ్‌కి సరిపోతుందేమో, వాళ్లకి కావలసింది వాళ్లు తీసుకుంటారు. రచయితకి ఆ సౌకర్యం లేదు. అలాగని పాట వల్లే రోగం తగ్గింది అని కూడా రాయకు. ఆ రాత్రి ఏం జరుగుతుందో చూసింది చూసినట్టు రాయి, చాలు.

డబ్బు సంగతి నువ్వు ఒక్క పేరాలో ముగించేశావు, 'న్యాయమైన వాటా దక్కింది' అని. ఎవరికి, ఎప్పుడు, ఎంత? 1995లో పాలోడ్ సంస్థ వాళ్లు జీవని తయారీకి కోయంబత్తూరు ఆర్య వైద్య ఫార్మసీకి ఏడేళ్లకి లైసెన్స్ ఇచ్చారు, ఫీజు 10 లక్షలు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీ, రెండింట్లోనూ సగం కాణివాళ్లకి. చట్టం అడగకముందే, మన జీవవైవిధ్య చట్టం రావడానికి ఏడేళ్ల ముందే ఇలా పంచాలనుకోవడం గొప్ప విషయమే, దాన్ని తక్కువ చేయకు. కానీ ఆ డబ్బు తీసుకోవడానికి కాణివాళ్ల ట్రస్టు రిజిస్టర్ అయింది 1997లో, డబ్బు చేతికొచ్చింది 1999లో, దాదాపు 5.19 లక్షలు. ఇప్పుడు కాగితం పెన్ను తీసుకో. 10 లక్షల ఫీజులో సగమే 5 లక్షలు. అప్పటిదాకా రాయల్టీ వాటాగా వచ్చింది ఎంతో తీసివేత చేస్తే తెలిసిపోతుంది. ఆ అంకె పక్కన 'న్యాయమైన' అన్న మాట రాయడానికి నాకైతే చెయ్యి రాదు, నువ్వు రాస్తానంటే కారణం చూపించి రాయి.

ఇదే 1995లో తిరువనంతపురం జిల్లా వితుర వైపు కొందరు ప్లాత్తులు కేరళ ముఖ్యమంత్రికి ఉత్తరం రాశారు, మా విద్యని ప్రైవేటు కంపెనీలకి అమ్ముతున్నారని అభ్యంతరం చెబుతూ. పాలోడ్ సంస్థ వాళ్ల సంబంధాలు ఎక్కువగా అదే జిల్లాలో కుట్టిచ్చల్ వైపు కాణివాళ్లతో ఉండేవి, వితుర, పెరింగమ్మల వైపు వాళ్లకి తమని అడగలేదన్న బాధ. ఆ పైన అటవీ శాఖ. ఆకు కావాలి, మొక్క ఉన్నది రిజర్వ్ ఫారెస్టులో, పెంచిన మొక్కల పేరు చెప్పి అడవిలోవి పీకేస్తారన్న భయం వాళ్లది, దాంతో సాగు మీదా సేకరణ మీదా అభ్యంతరాలు. మందుకి గిరాకీ ఉండి, ఒప్పందం ఉండి, పండించడానికి మనుషులుండి, ఆకు మాత్రం సరిగా అందని పరిస్థితి. ఇందులో విలన్ కోసం వెతకొద్దు, దొరకడు. మన పాఠకులకి విలన్ లేకపోతే చప్పగా ఉంటుందని నీకు టెన్షన్, నాకు తెలుసు. ప్రతివాడూ తనవరకూ సరిగ్గానే ఉండి పని చెడిపోవడం మీద ఒక్కసారి రాసి చూడు, అదేం చప్పగా ఉండదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించిన చోటు. 'వారి పది అద్భుత మూలికలు, వాడే విధానం' అని ఒక బాక్స్ పెట్టావు. అది పూర్తిగా తీసెయ్, రెండు కారణాలకి. ఒకటి, జనం చేసేస్తారు. మన పెరట్లో బిళ్లగన్నేరే చూడు, మడగాస్కర్ మొక్క, దాన్నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీశారు, అంతమాత్రాన ఆ ఆకు నమిలితే మంచిదని కాదు, అది విషపు మొక్క. అయినా షుగరుకని పొద్దున్నే నమిలేవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు, ఎక్కడో చదివి. ఆ 'ఎక్కడో' నీ వ్యాసం కాకూడదు.

రెండో కారణం ఇంకా పెద్దది. కాణివాళ్ల వైద్యం నోటి విద్య. 2002 జీవవైవిధ్య చట్టాన్ని 2023లో సవరించినప్పుడు, గ్రంథాల్లో నమోదైన సంప్రదాయ విజ్ఞానాన్ని వాడుకునేవాళ్లకి లాభం పంచే బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. అంటే రాసి ఉన్న విద్యకి ఒక లెక్క, రాయని విద్యకి ఒక లెక్క. నీ వ్యాసం ఆ గ్రంథాల జాబితాలో చేరదులే, భయపడకు. కానీ మందు, మోతాదు, దొరికే చోటు అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టేశాక, రేపు ఇంకో కంపెనీ వచ్చినప్పుడు బేరమాడటానికి వాళ్ల దగ్గర ఏం మిగులుతుంది? ముందే అచ్చయితే ఎవరూ పేటెంట్ తీసుకోలేరు కదా అని నువ్వు అనొచ్చు, నిజమే, ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞానపు డిజిటల్ లైబ్రరీ కట్టింది అందుకే. కానీ అచ్చు వేయాలా వద్దా అన్నది తేల్చుకోవాల్సింది వాళ్లు. హైదరాబాద్‌లో కూర్చుని నువ్వూ నేనూ కాదు.

అందుకే వెళ్లినప్పుడు మొదట అడగాల్సింది 'ఏ ఆకు దేనికి' అని కాదు, ఏది రాయొచ్చు, ఏది రాయకూడదు అని. ప్లాత్తిని అడుగు, మూట్టుకాణిని విడిగా అడుగు, ఇద్దరి జవాబులూ వేరైతే ఆ తేడా గురించే రాయి. పేరు వేయమంటే వెయ్యి, వద్దంటే వద్దు. మొక్క ఫొటో పెడితే ఫోన్‌లో లొకేషన్ తీసేసి పెట్టు. మలయాళం రాకుండా వెళ్లకు, లేదా వచ్చినవాళ్లని వెంట తీసుకెళ్లు, ఆ మనిషి కాణి అయితే మరీ మంచిది, రోజు కూలి ముందే మాట్లాడి ఇవ్వు.

అగస్త్యమల శిఖరం ఎక్కి ఫొటో దిగాలని కూడా రాశావు. హైకోర్టు తీర్పు తర్వాత 2019 నుంచి ఆడవాళ్లనీ ఎక్కనిస్తున్నారు, కాణివాళ్లు అప్పుడు నిరసన చెప్పారు, వాళ్లకి అది అగస్త్యుడుండే కొండ. నేను తీర్పు వైపే. అయినా వాళ్ల అభ్యంతరాన్ని వెనకబాటుతనం అని ఒక్క ముక్కలో కొట్టేయొద్దు, వాళ్లతో మాట్లాడాక నీకేమనిపిస్తే అది రాయి.

ముందుగా ఆ ప్లాత్తుల ఉత్తరం భాగం ఒక్కటే కొత్తగా రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపు, పక్కన కామెంట్లు రాయడానికి వీలుగా ఉంటుంది.