ఎర్ర గచ్చు వేయించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

బసవనగుడిలో నీవు కొన్న పాత ఇంటి హాలులో టైల్స్ పీకించి, మన పాత ఇంట్లో ఉన్నటువంటి ఎర్ర గచ్చు వేయించాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. బెంగళూరులో 30 ఏళ్లకు పైగా కట్టడాల పనులు చూసినవాడిని కనుక, మేస్త్రీతో బేరం కుదుర్చుకోకముందే నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

రంగు గురించి నీవు బెంగ పెట్టుకోనవసరం లేదు. ఆ ఎరుపు ఫెర్రిక్ ఆక్సైడ్. బళ్లారి, సండూరు గనుల్లో తవ్వే హెమటైట్ ఖనిజమూ, మన ఊళ్లలో అరుగులకు పూసే జాజూ అదే పదార్థం. ఇనుము ఆక్సిజన్‌తో కలవగలిగినంతా కలిసిపోయాక ఏర్పడింది కాబట్టి, ఎండకు గానీ, సిమెంటులో పుట్టే సున్నపు ఘాటుకు గానీ అది వెలిసిపోదు. నీకు తలనొప్పి తెచ్చేది దానితో కలిసే సిమెంటూ నీళ్లూ మాత్రమే.

అయితే అంగట్లో అమ్మేదంతా ఆక్సైడ్ కాదు. చిటికెడు పొడిని గాజు గ్లాసులోని నీళ్లలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచు. అసలైన ఆక్సైడ్ నీటిలో కరగదు. అడుగున పేరుకుంటుంది, పైన నీరు తేటపడుతుంది. ఆ తేట నీరే గులాబీ రంగులో కనిపిస్తే, అందులో అద్దకపు రంగు కలిపారన్నమాట. అటువంటి నేల కిటికీ దగ్గర ముందుగా వెలిసిపోతుంది. అంచుకు నల్ల పట్టీ కావాలన్నావట. నల్ల ఆక్సైడ్ అంటే మాగ్నెటైట్ జాతి పొడి. కాగితం మీద పోసి, కింద అయస్కాంతాన్ని కదిపితే ముళ్లపందిలా లేచి నిలబడుతుంది. కదలక మెదలక పడి ఉంటే అది మసిపొడి కావచ్చు. పసుపుపచ్చ ఆక్సైడ్‌లో నీటి అంశ కూడా ఉంటుంది. ఇనుప గరిటెలో బాగా కాలిస్తే ఆ నీరు పోయి ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. మీ పిల్లలకు చూపించు, సరదాగా ఉంటుంది. పసుపుపచ్చ వేయదలిస్తే మాత్రం తెల్ల సిమెంటే కొనాలి, ఎందుకంటే మామూలు సిమెంటులోనే కొంత ఇనుప ఆక్సైడ్ ఉండి దానికి బూడిద రంగు తెస్తుంది. అందులో పసుపుపచ్చ కలిపితే బురద రంగు వస్తుంది. ఎరుపు బాగా మండాలని ఎవరైనా సిందూరం కలపమంటే ఒప్పుకోవద్దు. అది సీసపు ఆక్సైడ్; పిల్లలు పాకే నేలకు సీసం పనికిరాదు.

ఇక కలపడం. ఆక్సైడ్‌ను డబ్బాలతో కొలవనివ్వకు, తూకం వేయించు. సిమెంటు బరువులో నూటికి 10 పాళ్లు దాటితే రంగు పెద్దగా పెరగదు. ఆ మెత్తని పొడి నీళ్లు ఎక్కువ తాగి, నేల బలాన్ని తగ్గిస్తుంది. హాలు మొత్తానికి సరిపడా సిమెంటునూ ఆక్సైడ్‌నూ ఒకేసారి, పొడిగానే కలిపి, సన్న జల్లెడలో మూడు నాలుగు సార్లు జల్లించి, గాలి చొరని సంచుల్లో కట్టించు. ఒకసారి నేను ఈ జాగ్రత్త వదిలేసి, రెండో రోజు మిశ్రమాన్ని మేస్త్రీ కంటి అంచనాకు విడిచిపెట్టాను. ఆ హాలు సగం దానిమ్మ రంగులో, సగం ఇటుక రంగులో తేలింది, ఇంటివారు దాని మీద చాప పరిచి కాపురం చేశారు.

అడుగు కాంక్రీటును గరుకు చేయించి, ముందు రోజే తడిపించు. దాని మీద ఇసుక సిమెంటు పూత వేసి, అది ఇంకా పచ్చిగా ఉండగానే రంగు పూత పరిచి, ఉక్కు తాపీతో నొక్కి నొక్కి రుద్దాలి. నునుపు వచ్చేది ఆ చేతి ఒత్తిడి వల్లనే. తడి ఎక్కువైందని పొడి సిమెంటు చల్లే మేస్త్రీని అక్కడే ఆపు; ఆ పొర తరువాత పెచ్చులుగా లేస్తుంది. సుమారు మీటరు చదరానికి ఒకటి చొప్పున గాజు పట్టీలతో గడులు కట్టిస్తే, సిమెంటు ఆరి కుంచించుకుపోయేటప్పుడు పగులు ఆ గీత వెంబడే పోతుంది. మరునాటి నుంచి కనీసం 7 రోజులు నీళ్లు నిలబెట్టాలి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో ఈ పని పెట్టుకోకు.

నేల ఆరాక కొన్ని వారాలకు పైన తెల్లటి పొర తేలవచ్చు. రంగు పోయిందని హడలిపోకు. సిమెంటులో పుట్టిన సున్నం తేమతో పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సుద్దగా మారుతుంది, అంతే. నాకు తెలిసిన ఒకాయన బాత్‌రూం ఆసిడ్ పోసి కడిగించాడు. సుద్దతో పాటు సిమెంటు పైపొర కూడా కరిగి, మచ్చలు శాశ్వతంగా మిగిలాయి. నీవు ఉత్త నీళ్లతో తుడిపిస్తూ ఓపిక పట్టు, పొర రావడం ఆగాక కొబ్బరినూనె పలుచగా పట్టించు.

ముందుగా అదే సిమెంటుతో, అదే పొడితో రెండు మూడు పాళ్లలో చిన్న పలకలు పోయించి, బాగా ఆరాక మా ఇంటికి తీసుకురా. ఫోన్లో ఫోటోలు పంపవద్దు, వాటిలో ఎరుపు ఒక్కో తెరకు ఒక్కోలా కనిపిస్తుంది.

మామయ్య